పోరంబోకు అని రాసిన చోట
(ఊరి బయట చరిత్ర: ఏడో భాగం)



ఈ వారం లక్ష్మీపేట గురించి రాస్తానని పోయినసారి మాటిచ్చాను. రాస్తాను. కానీ లక్ష్మీపేటకి ఈసారి సోంపేట మీదుగా వెళ్దాం. దారి ఎందుకు మార్చానో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

దారి మార్చింది నిజానికి నేను కాదు, మా క్లాసులో ఒక కుర్రాడు. డిగ్రీ రెండో ఏడాది వాళ్ళకి కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ చెప్తున్నాను. ఊరు బాగుపడిందని పెద్దలంతా అనుకుంటున్న కాలంలో, అదే ఊళ్ళో ఒక దళిత కుటుంబం అప్పు కింద నలిగిపోతుంది. అప్పల్రాముడు తీర్పుకి తలవంచుతాడు, కొడుకు సీతారాముడు వంచలేడు. అభివృద్ధి ఎవరిది, దాని అప్పు ఎవరి నెత్తిన పడింది అని అడుగుతూ, ఉదాహరణకి సోంపేట థర్మల్ ప్లాంట్ మాటెత్తాను. పోరాడి ఆపారు అని కాస్త గర్వంగానే చెప్పాను.

వెనక బెంచీలోంచి లేచాడు. బీల అంచున ఉన్న వెలివాడ నుంచి వచ్చిన పిల్లాడు. “మాస్టారూ, ఆ ప్లాంటేదో రానిచ్చుంటే మా నాన్న చెన్నై ఎల్లాల్సొచ్చీది కాదు గదా?”

క్లాసు నిశ్శబ్దమైపోయింది. నాకూ వెంటనే జవాబు రాలేదు. బెల్లు కొట్టారు, బతికిపోయాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ భాగమంతా ఆ పిల్లాడికి నేను బాకీ పడిన జవాబు.

ముందు బీల అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. సోంపేట, కంచిలి, కవిటి మండలాల్లో సముద్రానికి దగ్గరగా పరుచుకున్న చిత్తడి నేల అది. పైనుంచి వచ్చే వాన నీళ్ళు నేరుగా సముద్రంలో కలవకుండా అక్కడ ఆగుతాయి. వరదొస్తే పీల్చుకుంటుంది, ఎండాకాలంలో చెమ్మ వదులుతుంది. చుట్టుపక్కల పొలాలకి ఎత్తిపోతల నీళ్ళు అక్కడివే. చేపలు దొరుకుతాయి. పశువులు మేస్తాయి. తుంగ పెరుగుతుంది, కోసుకొచ్చి ఎండబెట్టి చాపలు అల్లుతారు. ఆ పిల్లాడి నాయనమ్మ అలాగే బతికింది. ఆవిడ పేరు మీద సెంటు భూమి లేదు. కానీ తుంగ కోయడానికి ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు. ఊళ్ళో ఎవరి పొలం గట్టు తొక్కాలన్నా ఒదిగి నడవాల్సిన మనిషికి బీలలో దిగితే తల దించాల్సిన పని ఉండేది కాదు. భూమి లేని వాళ్ళకి అలాంటి చోటు విలువెంతో భూమి ఉన్నవాళ్ళకి అర్థం కావడం కష్టం.

ఇదే చోటుకి రెవెన్యూ రికార్డులో ఉన్న పేరు పోరంబోకు. పన్ను రాని భూమి అని ఆ మాటకి అసలు అర్థం. తెల్లదొరల కాలంలో భూమిని లెక్కగట్టింది శిస్తు కోసం. శిస్తు కట్టేవాడు మనిషి, శిస్తు వచ్చేది భూమి. మిగిలిందంతా పోరంబోకు. తర్వాత ఆ మాట తిట్టైపోయింది. పని లేనివాణ్ణి, ఎవరికీ చెందనివాణ్ణి పోరంబోకు అంటాం. భూమికి పెట్టిన పేరు మనుషులకి తిట్టుగా మారిందంటే, ఆ భూమి మీద బతికే మనుషులంటే ఈ సమాజానికి ఎంత చులకనో చూడండి. భాష చదువుకున్న వాణ్ణి కాబట్టి నాకు ఇక్కడ పెన్ను ఆగిపోతుంది. ఒక్క మాట రికార్డులో పడితే చాలు, వందల కుటుంబాల బతుకు కనబడకుండా పోతుంది.

ఇక ప్లాంట్ సంగతి. 2003 విద్యుత్ చట్టం థర్మల్ కేంద్రాలు పెట్టడానికి లైసెన్సు అవసరం లేకుండా చేసింది. కరెంటు తయారు చేసి ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకి అమ్ముకునే మర్చంట్ పవర్ వ్యాపారం మొదలైంది. కంపెనీల కళ్ళు తూర్పు తీరం మీద పడ్డాయి. చల్లబరచడానికి సముద్రపు నీళ్ళు, బొగ్గు దించడానికి రేవులు, పక్కనే రైలు మార్గం. అన్నిటికన్నా మించి, ప్రభుత్వం ఒక్క జీవోతో ఇచ్చేయగల పోరంబోకు భూములు. బీలలో 2640 మెగావాట్ల ప్లాంటుకి నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ వచ్చింది. వెయ్యి ఎకరాలకి కాస్త తక్కువ ప్రభుత్వ భూమిని 2008లో కేటాయించారు. అదే జిల్లాలో, అదే తీరం మీద, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర తంపర భూముల్లో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ కంపెనీకి ఇంకో 2640 మెగావాట్లు. అక్కడికి దగ్గర్లోనే తేలినీలాపురం పక్షుల కేంద్రం, నౌపడ ఉప్పు మడులు.

ఇక్కడ ఒక కిటుకు గమనించండి. పట్టా భూమి తీసుకోవాలంటే భూసేకరణ చట్టం ప్రకారం నోటీసు ఇవ్వాలి, పరిహారం కట్టాలి. ప్రభుత్వ భూమికి ఆ బాధ లేదు. సేకరణే లేనప్పుడు పరిహారం ఎవరికి? పట్టాదారుకి పొలం పోతే చెక్కు వస్తుంది. ఆ పొలంలో కూలికెళ్ళే మనిషికి రాదు. బీలలో తుంగ కోసేవాళ్ళకి, వల వేసేవాళ్ళకి, పశువులు మేపేవాళ్ళకి అసలు ఏదీ పోయినట్టే కాదు, ఎందుకంటే వాళ్ళకి ఏదీ ఉన్నట్టు కాగితం లేదు. 2013 చట్టం వచ్చాక నీటి వనరుల మీద ఆధారపడి బతికేవాళ్ళని కూడా బాధిత కుటుంబాలుగా లెక్కపెట్టారు. అదీ భూసేకరణ జరిగితేనే. జీవోతో చేతులు మారే భూమి దగ్గర ఆ తలుపు ఇప్పటికీ సగమే తెరిచి ఉంది.

2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జనం వద్దన్నారు. అయినా డిసెంబరులో ఢిల్లీ నుంచి పర్యావరణ అనుమతి వచ్చేసింది. కంపెనీ పర్యావరణ నివేదికలో ఆ చోటు పనికిరాని బీడు. నీళ్ళలో నిలబడి చేపలు పట్టే జనానికి తమ కాళ్ళ కింద ఉన్నది బీడని కాగితం చెప్పింది. పర్యావరణ పరిరక్షణ సంఘం పేరుతో రైతులు, మత్స్యకారులు, కూలీలు కలిశారు. రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మ గారు విశాఖ నుంచి లేఖ మీద లేఖ రాశారు. కరెంటు గురించి తెలియని వాళ్ళే ప్లాంట్లను వద్దంటారు అనేవాళ్ళకి ఆ ఒక్క పేరు చాలు.

2010 జులై 14. పోలీసు బందోబస్తుతో పనులు మొదలుపెట్టడానికి వచ్చారు. వేలమంది బీలకి అడ్డం నిలబడ్డారు. లాఠీలు, టియర్ గ్యాస్, తర్వాత తుపాకులు. ఇద్దరు చనిపోయారు. ఆ వారంలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేలేనని తేల్చింది. జనం ఏడాదిగా చెప్తున్న మాటే అది. ఆ ఆర్డరు కొద్ది రోజుల ముందు వచ్చుంటే ఇద్దరు మనుషులు ఈరోజు మన మధ్య ఉండేవాళ్ళు.

ఎనిమిది నెలలు తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. వడ్డితాండ్రలో ఇళ్ళు కాలిపోయాయి. సోంపేట నుంచి సర్కారు ఏమీ నేర్చుకోలేదు, జనం మాత్రం నేర్చుకున్నారు. దీక్షా శిబిరాలు ఏళ్ళ తరబడి నడిచాయి. కాకరాపల్లి భూ కేటాయింపు రద్దు చేయాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించేసరికి 2019 వచ్చింది. సోంపేట కేటాయింపు అంతకు ముందే వెనక్కి పోయింది. ఈ రెండు చోట్లా ఒక్క యూనిట్ కరెంటు కూడా తయారు కాలేదు.

ఆగకపోయుంటే ఏమయ్యేదో చిన్న లెక్క వేద్దాం. 2640 మెగావాట్ల ప్లాంటు ఏడాదిలో ఎనభై శాతం నడిస్తే సుమారు 1,850 కోట్ల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కి ముప్పాతిక కిలో కన్నా కాస్త తక్కువ బొగ్గు వేసుకున్నా ఏడాదికి కోటీ ఇరవై లక్షల టన్నులు కాల్చాలి. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. అంటే ఏటా నలభై లక్షల టన్నుల బూడిద. దిగుమతి బొగ్గు కలిపితే కొంత తగ్గుతుంది. ఎంత తగ్గినా పాతికేళ్ళకి కొండలే. ఆ బూడిదలో ఆర్సెనిక్, పాదరసం లాంటివి ఉంటాయి. చిత్తడి నేలలో బూడిద చెరువు తవ్వితే అది తాగునీళ్ళ దాకా రాదని ఎవరు హామీ ఇస్తారు? పొగగొట్టం నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సన్నని ధూళిగా మారి వందల కిలోమీటర్లు పోతుంది. ఇదంతా ఎక్కడ? ఉద్దానం పక్కన. అంతుపట్టని కారణంతో కిడ్నీలు పాడైపోయి, డయాలసిస్ కోసం క్యూలో కూర్చునే పల్లెల పక్కన. 2018లో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసిన చోట. వాటి నెత్తిన ఇదొకటి.

మరి ఈ ప్లాంట్లు పట్నాల్లో ఎందుకు పెట్టరు? ఒకప్పుడు పెట్టారు. హైదరాబాదులో హుసేన్‌సాగర్ ఒడ్డున 1920లో మొదలైన థర్మల్ కేంద్రం ఉండేది. ఊరు పెరిగింది, పొగ ఇబ్బందైంది. 1980లలో ఆపేశారు, 1990లలో కూల్చేశారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల తోటలు, సినిమా హాళ్ళు. ఢిల్లీలో బదర్‌పూర్ ప్లాంటుని 2018లో గాలి కాలుష్యం పేరుతో మూశారు. మంచిదే. పట్నంలో బస్తీల్లో ఉండే మనవాళ్ళ ఊపిరి కూడా ఊపిరే. అయితే ఢిల్లీలో ఒక్క ఏసీ ఆగిందా? కరెంటు వాడకం పెరుగుతూనే ఉంది, పొగ మాత్రం ఊరు దాటి బయటికెళ్ళింది. ఊరి మురికంతా ఊరి బయటికి తోలేసి, అక్కడున్న వాళ్ళని మురికివాళ్ళు అనడం ఈ దేశానికి బాగా తెలిసిన విద్య. వెలివాడ ఎలా పుట్టిందో తెలిసినవాళ్ళకి పవర్ ప్లాంటు ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇది నా ఆవేశం అనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వ కాగితమే చూపిస్తాను. థర్మల్ ప్లాంట్ల పొగకి కేంద్రం 2015 డిసెంబరులో కొత్త ప్రమాణాలు పెట్టింది. రెండేళ్ళు గడువిచ్చింది. గడువు జరిగింది, మళ్ళీ జరిగింది. 2021లో ప్లాంట్లని మూడు తరగతులు చేశారు. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి గానీ, పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ పది కిలోమీటర్ల లోపు ఉన్నవి మొదటి తరగతి. తీవ్ర కాలుష్య ప్రాంతాలకి, గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాలకి దగ్గరున్నవి రెండోది. మిగిలినవన్నీ మూడో తరగతి. 2025 జులైలో ఆ మూడో తరగతిని సల్ఫర్ డయాక్సైడ్ ప్రమాణం నుంచే తప్పించారు. దేశంలో నాలుగింట మూడొంతులకు పైగా ప్లాంట్లు ఆ తరగతిలోనివే. సోంపేట ప్లాంటు వచ్చుంటే ఏ తరగతిలో ఉండేదో మీరే చెప్పండి. పట్నంలో ఉన్నవాడి ఊపిరితిత్తికి ఒక చట్టం, పల్లెలో ఉన్నవాడి ఊపిరితిత్తికి ఇంకో చట్టం. మనువు రాసినదానికీ దీనికీ తేడా వెతకండి. నాకైతే భాష తేడాయే కనిపించింది.

ఈ అన్యాయానికి అమెరికాలో నల్లజాతి ప్రజలు ఒక పేరు పెట్టి పోరాడారు. 1982లో నార్త్ కరోలినాలోని వారెన్ కౌంటీలో విషపు మట్టిని నల్లవాళ్ళు ఎక్కువగా ఉండే చోట పూడ్చడానికి లారీలు వచ్చాయి. జనం రోడ్డు మీద పడుకున్నారు. ఐదు వందల మందికి పైగా అరెస్టయ్యారు. పూడ్చడాన్ని ఆపలేకపోయారు. కానీ పర్యావరణ న్యాయం అనే ఉద్యమం అక్కడ ఊపిరి పోసుకుంది. ఐదేళ్ళ తర్వాత ఒక చర్చి సంస్థ దేశమంతా లెక్క తీసి, విషపు చెత్త ఎక్కడ పడుతుందో తెలియాలంటే అక్కడ ఏ జాతి ఉందో చూస్తే చాలని తేల్చింది. చికాగో నగరం నడిబొడ్డున మెక్సికో మూలాలున్న కూలీల పేటల్లో ఫిస్క్, క్రాఫర్డ్ అనే రెండు బొగ్గు ప్లాంట్లు దశాబ్దాల పాటు పొగ వదిలాయి. పేటలవాళ్ళే పోరాడి 2012లో మూయించారు. మన దగ్గర బూడిద చెరువు పక్కన ఏ కులం ఉందో ఎవరైనా జిల్లా వారీగా లెక్క తీశారా? పరిశోధన చేస్తున్న పిల్లలు ఇది చదువుతున్నారు కదా, అందుకే అడుగుతున్నాను.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వచ్చాను. మనవాళ్ళలో కొందరు అడుగుతారు: బాబాసాహెబ్ కరెంటు కావాలన్నాడు కదా, మీరు వద్దంటారేంటి? నిజమే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో అంబేడ్కర్ కార్మిక సభ్యుడు. విద్యుత్తు ఆయన శాఖ కిందే ఉండేది. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు పుట్టింది ఆ కాలంలోనే. పరిశ్రమలు రాకపోతే పేదరికం పోదని, చవగ్గా పుష్కలంగా కరెంటు లేకపోతే పరిశ్రమలు రావని ఆయన వాదన. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. మా వాడలో ఊళ్ళో కన్నా చాలా ఆలస్యంగా వీధి దీపం వెలిగింది. లాంతరు వెలుగులో చదివినవాడు కరెంటుకి వ్యతిరేకి కాలేడు. కానీ బాబాసాహెబ్ ఆలోచనలో కరెంటు ప్రజల ఆస్తి, దాని గురి పేదరికం. ఎవడెక్కువిస్తే వాడికి అమ్ముకునే మర్చంట్ పవర్‌కి ఆయన పేరు అడ్డుపెట్టుకోకండి.

మరి ఆ కుర్రాడి నాన్న? ప్లాంటు వచ్చుంటే ఉద్యోగం వచ్చేదా? ఇలాంటి చోట్ల మనవాళ్ళకి దొరికేది ఏ పనో మనకి తెలుసు. కట్టేటప్పుడు ఇసుక, సిమెంటు మోయడం. కట్టాక కాంట్రాక్టరు కింద బొగ్గు ఎత్తడం, బూడిద తోడటం. మాస్కులు ఉండవు, పర్మినెంటు ఉండదు. ఊరి మురికి ఎత్తే పని మన చేతుల్లో పెట్టిన వ్యవస్థే ప్లాంటు బూడిదని కూడా మన చేతుల్లోనే పెడుతుంది. కాబట్టి ఆ పిల్లాడికి సగం జవాబు దొరికింది: ప్లాంటు వచ్చినా మీ నాన్న మంచి ఉద్యోగంలో ఉండేవాడు కాదు, నాయనమ్మకి మాత్రం తుంగ ఉండేది కాదు.

రెండో సగం ఇంకా కష్టం. ప్లాంటు ఆగింది, బీల మిగిలింది. అయినా అతని నాన్న చెన్నై వెళ్ళాడు. ఎందుకు?

ఇక్కడే లక్ష్మీపేట. మద్దువలస రిజర్వాయర్ కోసం ప్రభుత్వం భూములు తీసుకుంది, పట్టాదారులకి పరిహారం ఇచ్చింది. అందులో మునగని భూమి కొంత మిగిలింది. అది ఇప్పుడు ప్రభుత్వానిది. భూమి లేని దళితులు అందులో సాగు చేసుకున్నారు. ఒకప్పటి యజమానులకి, ఊళ్ళో పెత్తనమున్న కులానికి అది కంటగింపైంది. 2012 జూన్ 12న దాడి చేశారు. ఐదుగురు దళితులు హతమయ్యారు. వంగర మండలం అప్పుడు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం.

తేదీలు పక్కపక్కన పెట్టండి. సోంపేట 2010 జులై, కాకరాపల్లి 2011 ఫిబ్రవరి, లక్ష్మీపేట 2012 జూన్. రెండేళ్ళ లోపు, ఒకే జిల్లా. మూడు చోట్లా గొడవ ప్రభుత్వ భూమి మీదే. మొదటి రెండు చోట్ల కంపెనీ కావాలంటే సర్కారు ఆ భూమిని పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. మూడో చోట దళితుడు దున్నుకుంటే ఆ భూమిలో అతనికి రక్షణ లేదు. పోరంబోకు కంపెనీకైతే పెట్టుబడి, మాలపల్లెకైతే ఆక్రమణ.

సోంపేటలో భూమి ఉన్న రైతూ, లేని కూలీ ఒకే టెంటు కింద కూర్చున్నారు. ఆ ఐక్యతని నేను తక్కువ చేయను, అది లేకపోతే బీల ఉండేది కాదు. కానీ టెంటు తీసేశాక ఎవరి వాడకి వాళ్ళు వెళ్ళారు. కాపాడుకున్న భూమిలో భూమి లేని వాడి హక్కు ఏమిటన్న మాట ఎజెండాలో చివరి లైనుగానే మిగిలిపోయింది. బీల బతికింది, బీల మీద నాయనమ్మ హక్కు మాత్రం ఇంకా కాగితం మీదకి రాలేదు. అందుకే ఆ కుర్రాడి నాన్న రైలెక్కాడు. పర్యావరణ ఉద్యమం భూమిని కాపాడితే సరిపోదు, ఆ భూమి ఎవరిదో కూడా చెప్పాలి. ఈ మాట అంటే ఉద్యమాన్ని చీలుస్తున్నారంటారు. చీలిక ఊళ్ళోనే ఉంది, నేను చూపిస్తున్నానంతే.

ఇప్పుడు సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో మళ్ళీ థర్మల్ ప్లాంటు మాట వినిపిస్తోంది. ఆదివాసీ పల్లెలు వద్దంటున్నాయి. ఈసారి మనం కాస్త ముందుగా మేలుకుందాం. విద్యార్థి మిత్రులకి మూడు పనులు చెప్తాను.

ఒకటి, మీ ఊరి అడంగల్ తీసి చూడండి. పోరంబోకు, బంజరు, గయాళు అని ఎక్కడెక్కడ రాశారో గుర్తుపెట్టుకోండి. అక్కడికి వెళ్ళి ఎవరు బతుకుతున్నారో పేరు పేరునా రాయండి. తుంగ, చేప, మేత, పుల్లలు, అన్నీ. చెరువులు, ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భూమి లేని దళితులకిచ్చిన భూముల్ని మినహాయింపుగా గుర్తించింది కూడా. మొదటి సగాన్ని అధికారులు మనవాళ్ళ గుడిసెలు పీకడానికి వాడుతారు, రెండో సగం మనం గుర్తుపెట్టుకోవాలి.

రెండు, ప్రజాభిప్రాయ సేకరణ అంటే వినతిపత్రం ఇచ్చే సభ అనుకోకండి. 2006 నోటిఫికేషన్ ప్రకారం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం మన భాషలో ఉండాలి, మొత్తం వీడియో తీయాలి. సారాంశం తెచ్చుకుని మీ వాడలో గట్టిగా చదివి వినిపించండి. బీడు అని రాసిన చోట నీళ్ళు ఉంటే ఫోటో తీయండి.

మూడు, ఏ పోరాట కమిటీలో చేరినా మొదటి రోజే అడగండి: గెలిస్తే ఈ భూమి మీద భూమి లేని వాళ్ళ హక్కు ఏమిటి? జవాబు మినిట్స్‌లో రాయించండి. గెలిచాక అడిగితే ఎవరూ వినరు.

ఆ కుర్రాడికి రేపు క్లాసులో ఇదంతా చెప్తాను. మళ్ళీ ఏదో ప్రశ్న వేస్తాడని తెలుసు. వేయాలి.

వచ్చే వారం లక్ష్మీపేట లోపలికి, మద్దువలస గట్టు మీదుగా నడుద్దాం. మీ దగ్గర ఆ రోజుల పేపర్లు, కరపత్రాలు, ఫోటోలు ఉంటే పంపండి.

జై భీమ్.